ఆధార్ జాతకం

“ఎనిమిది!” మల్లికార్జున్ పెన్ను కింద పడేశాడు. “శని నంబరు. ఈ సంబంధం వద్దు బిడ్డా.”

కూతురు హారిక మనసుపడ్డ రాకేష్‌ను కాదనడానికి తండ్రికి ఇంకే వంకా దొరకలేదు. నెక్కొండ స్టేషన్‌లో బుకింగ్ క్లర్కు, తాగుడు లేదు, తిరుగుడు లేదు. జాతకం కూడా లేదు, అదే చిక్కు. జాతకం లేకపోతేనేం, ఆధార్ ఉంది కదా అని, వరంగల్ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే మల్లికార్జున్ ఆ పన్నెండంకెలనే కూడాడు. 130726514906. మొత్తం నలభై నాలుగు. నాలుగూ నాలుగూ ఎనిమిది.

“ఫోన్ నంబరైతే మార్చుకొమ్మందు. ఆధార్ ఎట్ల మారుస్తడు?” అన్నాడు, ఆయనకూ బాధగానే ఉంది.

హారిక ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతోంది. ఏడుపొస్తున్నా బుర్ర పనిచేసింది.

“నాన్నా, జాతకాలల్ల పిల్ల నక్షత్రం నుంచే గద లెక్కవెట్టేది?”

“అవ్, పిల్ల నుంచి పిలగాని దాక.”

“మరి నువ్వు పిలగాని దిక్కు నుంచే చూస్తివి. మన దిక్కు నుంచి చూడాల్నంటే నంబరు ఉల్టా రాయాలె. రెండిట్ల పెద్దదాంట్లకెంచి చిన్నది తీసెయ్యాలె. మిగిలిందే ఇద్దరి పొంతన.”

మల్లికార్జున్‌కు ఇది న్యాయంగానే తోచింది. 609415627031 అని తిరగేసి రాసి, అందులోంచి మొదటిది తీసేశాడు. 478689112125 మిగిలింది. వేళ్ల మీద కూడితే యాభై నాలుగు. ఐదూ నాలుగూ...

“తొమ్మిది! నా లక్కీ నంబర్! నిర్మలా, పిలగాని ఇంటోళ్లకు ఇప్పుడే ఫోన్ జేస్త!” అంటూ బయటికి ఉరికాడు.

హారికకు ఇది ముందే తెలుసు. తిరగేసినా మారని సంఖ్య కాకపోతే చాలు, ఎంత పెద్దదైనా సరే, ఈ తీసివేతలో మిగిలిన అంకెలు కూడుకుంటూ పోతే చివరికి వచ్చేది తొమ్మిదే. శని నంబరైనా, లక్ష్మీ నంబరైనా తొమ్మిదే.

వంటింట్లోంచి తల్లి నిర్మల చేతులు తుడుచుకుంటూ వచ్చి పెన్ను అందుకుంది. గ్యాస్ పుస్తకం మీది నంబరు చూసి రాసింది. తిరగేసింది, తీసేసింది, కూడింది. తొమ్మిది.

“అంటే నిన్ను గ్యాస్ బండకు కూడ ఇయ్యొచ్చన్నట్టు!” అంది కూతురి వైపు చూస్తూ.

హారిక గబుక్కున తల్లి చెయ్యి పట్టుకుంది. “అమ్మా, నీ కాళ్లు మొక్కుత. నాన్నకు చెప్పకు.”

“చెప్పి నా కొంప నేనే ముంచుకుంటనా?” నిర్మల ఆ కాగితాన్ని నిదానంగా చింపేసింది. “అప్పట్ల మా పెండ్లి మీ తాత వద్దంటే, మీ నాన్న హాల్‌టికెట్ నంబరు ఉల్టా రాయించింది నేనే.”