సంతాప కార్డుకు వాలు అక్షరాలు

ప్రెస్సు తెరిచిననాడు యజమాని చేతిలో ఉన్నవి ఒక పాత అచ్చుయంత్రం, నాలుగు రకాల అక్షరాలు, వాటాదారుగా నిలబడ్డ బావమరిది. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఈ ఉదయానికి అక్షరాల్లో ఒక్క రకమే వాడుకలో మిగిలింది. బావమరిది కూడా మిగిలేలా లేడు.

తిరిగొచ్చిన సంతాప కార్డుల కట్టను అతను బల్లమీద పెట్టాడు.

"తల్లి పోయిన ఇంటికి సర్కసు వచ్చినట్టు కార్డు వేశామట. పిలిచి మరీ అన్నారు బావా."

యజమాని ఒక కార్డు తీసి చూశాడు. పెద్దగా, లావుగా, కుడివైపుకు వాలి, పరుగుపందెంలో ఉన్నట్టున్నాయి అక్షరాలు. అవి దేనికి పనికొస్తాయో ఆయనకు తెలియక కాదు. కొత్త దుకాణం పోస్టరుకూ నాటకం కరపత్రానికీ వాటిని మించినవి లేవు. నాలుగు మాటలైతే వీధి అవతలి మనిషిని చొక్కా పట్టి లాగుతాయి. నాలుగు వాక్యాలైతే చెవి దగ్గర అరిచినట్టుంటుంది. కొత్తగా చేరిన పనివాళ్ళకు ఈ మాట చెప్పేది ఆయనే.

అయినా ఏడాదిగా ఏ పని వచ్చినా వాటితోనే కూర్చుతున్నాడు. ఒక పేజీ ప్రశ్నపత్రం మూడు పేజీలైందని బడి వాళ్ళు వేరేచోటు చూసుకున్నారు. ఆసుపత్రి వాళ్ళు చెప్పకుండానే మానేశారు. సన్న అక్షరాలు అరిగిపోయాయని యజమాని అన్నాడు. కొత్తవి తెప్పిస్తానని బావమరిది అంటే అక్కర్లేదన్నాడు.

పక్కగదిలో కిటికీ దగ్గర యజమాని భార్య ప్రూఫు దిద్దుతోంది. ఆయన రాతప్రతి చదివి వినిపిస్తే ఆమె దిద్దుతుంది. ఆమె సంతకం పడనిదే యంత్రం తిరగదు. ప్రెస్సు తెరిచినప్పటినుంచీ అదే పద్ధతి.

బావమరిది ఆమెను సాక్ష్యానికి పిలిచాడు.

"అక్కా, నువ్వైనా చెప్పు. బాగున్నాయా ఇవి?"

"నాకేం నచ్చాయిరా? మీ బావ పట్టుపడితే వదిలే రకమా? కూర్చింది దిద్దడమే నా పని."

బావమరిది యజమాని వైపు తిరిగాడు.

"చివరిసారి అడుగుతున్నా బావా. ఒక్క కారణం చెప్పు, ఉండిపోతాను. లేదంటే నా దారి నేను చూసుకుంటాను."

యజమాని పక్కగది వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది.

"నాకు నచ్చాయి," అన్నాడు.

"నచ్చాయా? పెళ్ళికీ చావుకీ ఒకటే చొక్కా తొడుక్కుంటానంటే ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా?"

బావమరిది ప్రెస్సు తాళంచెవి తీసి కార్డుల పక్కన పెట్టి, అక్కకు చెప్పకుండానే మెట్లు దిగాడు.

కాసేపటికి భార్య ప్రూఫు తెచ్చిచ్చింది. రెండు తప్పులు పట్టుకుంది. కింద సంతకం ఎప్పటిలాగే నిటారుగా ఉంది.

"వాడు వెళ్ళిపోయాడా?"

"వెళ్ళాడు."

"వస్తాడులెండి. నేనున్నానుగా. నా దగ్గర ఇంకా ఒక్క తప్పూ దాటదు."

"దాటదు," అన్నాడాయన.

ఆమె మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాక యజమాని లెక్క చూసుకున్నాడు. పోయినవి బడి, ఆసుపత్రి, పద్దెనిమిదేళ్ళు తోడున్న మనిషి.

వచ్చింది, ఆ అక్షరాలు తప్ప మరేవీ కనబడని ఆమె కళ్ళకు ఇంకొక రోజు పని.