గాజుపెట్టెలో నల్లమందు గొట్టం

చియాంగ్ మాయి మ్యూజియంలో 'మనిషి, మత్తు' ప్రదర్శన మొదలైన రోజున, కొండ మీది మా మోంగ్ తెగ పల్లె నుంచి బ్లియా పెద్దమ్మను పిలిపించారు. గాజుపెట్టెలో పెట్టిన నల్లమందు గొట్టం చచ్చిపోయిన ఆమె మొగుడిది. ఆమె మోంగ్ భాషలో చెప్పేది థాయిలోకి మార్చి వినిపించడం నా పని.

"ఇది పవిత్రమైన వస్తువు. మనిషిని పూర్వీకుల ఆత్మలతో కలిపేది," అన్నారు ప్రదర్శన పెట్టిన థనవత్ గారు, అతిథులతో. "దీన్ని చూస్తే ఆవిడకేమనిపిస్తోందో అడుగు."

అడిగాను. పెద్దమ్మ మూతి తిప్పింది.

"పవిత్రమట, నా మొహం! బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే, ఆ సన్నాసి దీన్ని నోట్లో పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి బిడ్డ లేదు."

అతిథులందరూ నా వైపే చూస్తున్నారు.

"మా పెద్దల ఆస్తిని ఇక్కడ చూసి కడుపు నిండిందంటోంది," అన్నాను. చప్పట్లు మోగాయి.

"ఛీ!" అంది పెద్దమ్మ. ఆ తర్వాతి మాట శుభ్రమైన థాయిలో వచ్చింది. "ముప్పై ఏళ్లుగా మీ సంతలో క్యాబేజీలు అమ్ముతున్నాను. మీ భాష రాదనుకున్నారా?"

బిడ్డ సంగతంతా మళ్లీ మొదటినుంచీ చెప్పింది. నేను తలెత్తలేకపోయాను.

థనవత్ గారి కళ్లు మెరిశాయి. "అద్భుతం! ఎంత సహజంగా చెప్పారండీ! రికార్డు చేసి గొట్టం పక్కనే వినిపిద్దాం. ఇంకోసారి, కాస్త నెమ్మదిగా చెబుతారా?"

పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. నా చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడుస్తూ మోంగ్‌లో అంది:

"పదరా. అబద్ధమాడావు గానీ, నీకు కనీసం సిగ్గేసింది."