ఏమడిగింది?

"పోయిన వారం మంగళవారం మధ్యాహ్నం మూడుంబావుకి ఈ నంబరు మన సర్వర్‌ని ఏదో అడిగింది. ఏమడిగింది?"

డైరెక్టరు ఫోను నంబరు రాసిన చీటీని బల్ల మీదికి విసిరాడు. ఎదురుగా నిలబడ్డ ఇంజనీరు దాన్ని తీసి చూసింది. ఆయన ఆవిడను కూర్చోమనలేదు. ఆ మాట ఆయన నోటి నుంచి ఎవరూ విని ఎరగరు.

"అడిగిందని చెప్పగలం సార్. ఏమడిగిందో చెప్పలేం."

"చెప్పలేరా? చెప్పరా?"

"చెప్పలేం. సర్వర్‌కే తెలీదు."

డైరెక్టరు పకపకా నవ్వాడు. "బాగుంది! జవాబిచ్చిందట, ఏం చెప్పిందో తెలీదట!"

చిరునామాలు చెప్పడం ఆ ఆఫీసు పని. పళ్ళ డాక్టరు, లాయరు, రక్తనిధి, అద్దె గది, ఆశ్రమం, కుట్టుపని నేర్పే బడి, అన్నీ కలిపి రెండు లక్షలు. ఎవరైనా ఫోనులో అడగొచ్చు. ప్రశ్న తాళం వేసుకుని వస్తుంది. జవాబు తాళంతోనే తిరిగి వెళ్తుంది. తాళంచెవి అడిగినవారి ఫోను దాటి బయటికి రాదు.

"ఒక ఫైలు అడిగితే బీరువా మొత్తం తడిమే గుమాస్తా అన్నమాట నీ సర్వరు," ఆవిడ అదంతా వివరించాక అన్నాడు డైరెక్టరు.

"అవును సార్. ఒక్క అర మాత్రమే తెరిస్తే, అడిగింది ఆ అరలోదేనని పక్కన నిలబడ్డవాడికి తెలిసిపోతుంది. అందుకే ప్రతి ప్రశ్నకీ అన్ని అరలూ తడుముతుంది."

మొదట్లో అలా తడమడానికి ఒక్కో జవాబుకు నాలుగు నిమిషాలు పట్టేది. అంతసేపు ఎవరు ఆగుతారు? ఆవిడ రెండేళ్ళు కుర్చీకి అతుక్కుపోయి, లెక్కల్లో చాలా భాగం ముందే కట్టి ఉంచే ఉపాయం కనిపెట్టి, ఆ నాలుగు నిమిషాలను అర సెకనుకు దించింది. ఆ ఘనతకు శాలువా కప్పించుకున్నది మాత్రం డైరెక్టరు. "మా దగ్గరున్న మీ గుట్టు మాకే తెలియదు" అని వేదిక మీద ఊగిపోతూ మాట్లాడాడు. ఆ పద్ధతి కాగితాలన్నిటి మీదా సంతకం ఆయనదే. ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు.

"ఈ ఒక్క నంబరుకి దొంగదారి పెట్టు. మళ్ళీ అడిగితే తెలియాలి," అన్నాడు.

"పెట్టను సార్."

"ఏమడిగింది, ఎక్కడికి వెళ్ళింది, నాకు తెలిసి తీరాలి!"

"ఫోను ఎక్కడికి వెళ్ళిందో మనకెలా తెలుస్తుంది సార్?"

డైరెక్టరు ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే గొంతు పెంచాడు. "తనిఖీ! తనిఖీ కోసం అడుగుతున్నా. పరాయివాళ్ళ గుట్టు నాకెందుకు? వెళ్ళు. నీకంటే తెలివైనవాణ్ణి పిలిపిస్తా."

పిలిపించాడు. వచ్చినాయన లెక్కల ప్రొఫెసరు. ఊలు టోపీ, జేబులో మూడు పెన్నులు. ఆయన మూడు రోజులు సర్వర్ గదిలో కూర్చున్నాడు.

ఆ మూడు రోజులూ డైరెక్టరు మనిషి మనిషిలా లేడు. నలిగిన చొక్కాతో ఆఫీసుకొచ్చాడు. రెండు పూటలా క్యాంటీన్లోనే తింటూ, ముద్ద ముద్దకీ వంటవాణ్ణి తిట్టాడు. "ఉప్పెయ్యడం చేతకాదు, ఉద్యోగం ఒకటి!" ఇంజనీరుకు బదిలీ ఉత్తర్వు టైపు చేయించి, ఆవిడకు కనబడేలా బల్ల మీద పెట్టుకున్నాడు.

శనివారం సాయంత్రం ప్రొఫెసరు వచ్చి, అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"దొరికిందా?" ఆత్రంగా ముందుకు వంగాడు డైరెక్టరు.

"లేదండి. దొరకదు. నేనే కాదు, ప్రపంచంలో ఉన్న యంత్రాలన్నీ కట్టగట్టుకుని కూర్చున్నా మన జీవితకాలంలో దొరకదు. ఆ అమ్మాయి పనితనం చూస్తే నాకే కుళ్ళుగా ఉంది."

"అంటే మీకూ చేతకాదన్నమాట."

"చేతకాకూడదనే కదండీ కట్టింది! మీరే కదా సంతకం పెట్టారు?"

డైరెక్టరు మొహం కందగడ్డయింది. ప్రొఫెసరును పొమ్మన్నాడు. బదిలీ ఉత్తర్వు మీద బరబరా సంతకం గీకి, ఇంజనీరు చేతిలో పెట్టాడు.

ఆవిడ చదివి, మడిచి, సంచీలో పెట్టుకుంది.

"నేను వెళ్ళినా అది చెప్పదు సార్," అంది, వెటకారం లేకుండా.

ఆయన కిందికి దిగి కారెక్కాడు. తలుపు వేసిన విసురుకి డ్రైవరు ఉలిక్కిపడ్డాడు.

"ఇంటికేనా సార్?"



డైరెక్టరు విరగ్గొట్టిన చేతిని గుండెలకు అదుముకుని, ఆయన భార్య ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోయి అప్పటికి పదకొండు రోజులు.