పదిహేడో భాగంలో రాక్షసి

జనం మెచ్చని పాత సీరియల్ భాగాలను ఇంటింటి టీవీలూ వాటంతటవే దిద్దేస్తున్న రోజులవి. విశ్వపతిగారి టీవీ అంతరిక్ష సీరియల్ పదిహేడో భాగం దగ్గర ఆగింది.

"గోనెసంచిలో రాక్షసి, కింద హవాయి చెప్పులు! అందరూ నవ్విన భాగం. దిద్దేయనా?" అని అడిగింది టీవీ.

"ముట్టుకోకు! ఆ నడకలో ఎంత ఒంటరితనముందో నీకేం తెలుసు?" అన్నారాయన.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న భార్య కమలిని ఫక్కున నవ్వింది. "ఒంటరితనమా, నా మొహమా! గోనె దురదండీ అది. ఆ వేషం కట్టిన నాకే నచ్చలేదు, దిద్దనివ్వండి."

విశ్వపతిగారు చిన్నబుచ్చుకున్నారు. "మొహమైనా చూడకుండా మీ నాన్నగార్ని సంబంధం అడిగింది ఆ నడక చూసే కదే!"

కమలిని చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

టీవీ వైపు తిరిగి, "చెప్పులతో సహా ఉండనీ," అంది.