గోడ మీద నవ్వు

సుందర్ రాజు ఆఫీసు నుంచి క్లేటన్‌లోని ఇంటికి వచ్చేసరికి, చక్రాల కుర్చీలో ఉన్న భార్య అమృతం అతని పెరూ, గలాపగోస్ దీవుల ట్రిప్ స్లయిడ్లు గోడ మీద వేసుకుని చూస్తోంది. కొండ మీది ఇంకా జాతి పురాతన నగరం ఎండలో మెరిసిపోతోంది.

“మంచు కమ్మేసి ఏమీ కనపడలేదన్నారు?”

“నువ్వు బాధపడతావని…”

ఆమె మీట నొక్కింది. చిన్న ఓడ మెట్ల మీద సీ లయన్ (సముద్ర సింహం) పిల్ల, పక్కనే పగలబడి నవ్వుతూ అతను.

“గలాపగోస్‌లో ఓడెక్కిన దగ్గర్నుంచీ వాంతులేనన్నారు. అదీ అబద్ధమేనా?”

అతను తల దించుకున్నాడు. “నువ్వు పక్కన లేకపోయినా అక్కడ చాలా హ్యాపీగా ఉన్నాను, అమృతం. అది నీకెలా చెప్పను?”

ఆమె కాసేపు గోడ మీది నవ్వునే చూసింది.

“అలా ఉండాలనే కదండీ, మీరు వెళ్ళనంటున్నా పట్టుబట్టి పంపింది! ఇలా వచ్చి కూర్చోండి. ఆ పిల్ల ఏం చేస్తే అంతలా నవ్వారు?”