కలిసిపోయిన డబ్బాలు

డబ్బా మూత తీస్తే లోపల మేకపెంటికలు.

డబ్బాల బాబాయి నవ్వలేదు, కోప్పడలేదు.

"అన్నగారూ, మీ పరీక్ష అయిపోయింది. కాస్త ఆకులు తగ్గించండి," అన్నాడు సైకిల్ షాపతనితో.

వీధంతా గొల్లుమంది. కూరలో ఉప్పు చూస్తున్న మెస్ పిన్ని, ఉడికీ ఉడకని పందిమాంసం ముక్క నములుతూనే గుమ్మంలోకి వచ్చి నవ్వింది.

ఆ రోజులు తలుచుకుంటే ముసలి పిన్నికి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆయన పురుగుల ఆఫీసు మనిషి. అందరికీ డబ్బాల బాబాయి. ఇంటింటికీ చిన్న డబ్బా ఇచ్చి, పొద్దున్నే దొడ్డికెళ్లినప్పుడు అందులో కాస్త పట్టి ఇమ్మనేవాడు. ఆ మాట చెప్పడానికి ఆయనే సిగ్గుతో చచ్చిపోయేవాడు. వీధి వెనక తిరిగే పందుల్నీ వదిలేవాడు కాదు. నోరు తెరిపించి, నాలుక కింద పురుగు గింజలున్నాయేమోనని తడిమేవాడు.

"ఇదేం ఉద్యోగం బాబూ?" పిన్ని ముక్కుమీద వేలేసుకుంది.

"దర్జీగారి పాపకి మూర్ఛలొస్తున్నాయి కదా పిన్నిగారూ. ఇక్కడ ఎవరి కడుపులోనో బద్దెపురుగుంది. దాని గుడ్లు చేతులకంటి, తిండిలో పడి పాప తలకెక్కాయి."

"మరి పందులేం చేశాయి?"

"వాటి మాంసం సరిగ్గా ఉడక్కపోతే పురుగు మన కడుపులోకొస్తుంది. మన దొడ్డి తిని మళ్లీ వాటికి పడుతుంది."

పిన్ని గుండె చివుక్కుమంది. తల్లిలేని ఆ పాపకు పూటపూటా ముద్దలు కలిపి పెట్టేది తనే.

"ఆ పురుగు ఏ మహాతల్లి కడుపులో ఉందో తేలనీ బాబూ. ఈ వీధిలో నిలవనిస్తే ఒట్టు."

నాలుగు రోజులకు ఆయన తల వేలాడేసుకుని వచ్చాడు.

"డబ్బాలు కలిసిపోయాయండీ. ఏది ఎవరిదో తెలీడం లేదు. అందరూ ఈ మాత్ర వేసుకోవాల్సిందే."

వీధి దుమ్మెత్తిపోసింది. అందరికన్నా గట్టిగా తిట్టింది పిన్నే. తిడుతూనే మాత్ర మింగింది.

పైఅధికారి వచ్చి ఆయన్ని నలుగురిలో చివాట్లు పెట్టి, సామాన్ల గోదాముకి మార్చేశాడు.

పాపకు వైద్యం జరిగింది. మూర్ఛలు పోయాయి. పెద్దదై, ఇప్పుడు మెస్‌లో వంటా వడ్డనా తనే చూసుకుంటోంది.

ఇవాళ భోజనానికొచ్చిన పెద్దావిడ, పురుగుల ఆఫీసు ల్యాబులో పనిచేసి రిటైరైందట. పిన్ని మొహం విప్పారింది.

"మా డబ్బాల బాబాయి ఎలా ఉన్నాడమ్మా?"

"పోయారండీ, ఈ మధ్యనే. చివరిదాకా ఆ గోదాములోనే ఉంచేశారు."

"అయ్యో. మంచివాడే పాపం, పనే చేతకాలేదు. డబ్బాలన్నీ కలిపేశాడు."

ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది. వడ్డిస్తున్న పాప లోపలికెళ్లేదాకా ఊరుకుంది.

"పోయిన మనిషిని ఆ మాట అంటుంటే వినలేనమ్మా. ఆ పరీక్ష చేసింది నేనే. డబ్బాలేవీ కలవలేదు. పురుగు దొరికింది మీ డబ్బాలోనే."

పిన్ని తన చేతుల వంక చూసుకుంది.

"మీ పేరు బయటికొస్తే ఆ పిల్లకు ముద్ద పెట్టే దిక్కుండదని, తప్పు తన నెత్తినేసుకున్నారు."