ఆదెమ్మ అల్లుడు

“వెదురుకు పోయింది అత్తా. పొద్దుగూకేసరికి వస్తది. ఉండరాదూ?” అన్నాడు దూలయ్య.

ఆదెమ్మ ఉండనంది. బస్సు పోతుందంది.

పక్కనే నిలబడ్డ దుర్గకు ఒళ్ళు మండిపోయింది. కల్లూరు నుంచి ఇంత దూరం వచ్చి, కన్నకూతుర్ని చూడకుండా వెళ్ళిపోయే తల్లి ఎక్కడైనా ఉంటుందా?

దుర్గ వాళ్ళు కల్లూరులో ఆదెమ్మ పక్కింట్లోకి కిరాయికి దిగి ఎన్నాళ్ళో కాలేదు. కార్తీకంలో భద్రాచలం ప్రయాణమైనప్పుడు, “పర్ణశాల గూడ పోయొద్దాం బిడ్డా. మా భవాని అక్కడనే ఉన్నది” అంది ఆదెమ్మ. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. రాములవారి దర్శనం చేసుకుని, దుమ్ముగూడెం మీదుగా పోయే బస్సెక్కి మధ్యాహ్నానికల్లా ఇక్కడికొచ్చారు.

దారికి అటూ ఇటూ అంగళ్ళే. చెక్క బొమ్మలు, పూసల దండలు, వెదురు చేటలు. దుర్గకు కనిపించినదల్లా కొనాలనిపించింది. హేమ్లి అనే లంబాడా ఆమె దగ్గర అద్దాలు కుట్టిన సంచి ఒకటి మనసుకు పట్టేసింది. ఎర్రగుడ్డ మీద పచ్చదారం, అంచుకు గవ్వలు. బేరం తెగేలోపే ఆదెమ్మ పక్కనున్న తట్టల అంగట్లోకి వెళ్ళి పీట మీద కూర్చుంది.

“ఆయన ఈమె అల్లుడేనా?” అని అడిగింది దుర్గ.

“అవ్ అక్కా. ఏటేటా వస్తది ఆ అమ్మ. మంచి మనిషి.” హేమ్లి ఇంకేదో అనబోయింది. అంతలోనే మడిచి ఉన్న సంచులనే విప్పి మళ్ళీ మడతపెట్టసాగింది.

దుర్గ కొత్త సంచి భుజాన తగిలించుకుని తట్టల అంగట్లోకి వచ్చింది. దూలయ్య ఇంకా ముప్పై దాటని మనిషి. ఒళ్ళో ఉన్న వెదురు బద్దలు పక్కన పెట్టి, అత్త తెచ్చిన మూట విప్పుతున్నాడు. మామిడికాయ తొక్కు, గారెలు, ఒక కొత్త చొక్కా. చొక్కాను ఒంటికి ఆనించుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“దానికేం తెచ్చినవ్ అత్తా?”

మూటలో ఇంకేమీ లేదు. అల్లుడికి చొక్కా తెచ్చిన మనిషి, బిడ్డకు జాకెట్టు గుడ్డయినా తేలేదు!

దుర్గ ఉండబట్టలేకపోయింది. తన భుజాన ఉన్న సంచి తీసి అతని చేతిలో పెట్టింది.

“ఇది భవానికియ్యి అన్నా. పక్కింటి దుర్గ ఇచ్చిందని చెప్పు.”

దూలయ్య ముఖం వెలిగిపోయింది. సంచిని ఎండకు పట్టి అద్దాలు మెరిపించి చూసుకున్నాడు. “దానికి ఎర్రరంగంటే పానం” అంటూ దాన్ని జాగ్రత్తగా వాసానికి తగిలించాడు. ఆదెమ్మ తల పక్కకు తిప్పుకుంది. ఇంత పంతమా, అనుకుంది దుర్గ.

కాసేపటికి ఆదెమ్మే అడిగింది. “తిన్నదా?”

“గంజి తాగి పోయింది.”

“నువ్వో?”

“అదొచ్చినంక తింట.”

“ఇప్పుడే తిను బిడ్డా. నేను చూసి పోత.”

అతను మారుమాట్లాడకుండా కంచం ముందుకు లాక్కున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, తొక్కు వేసి, అన్నం కలిపి పెట్టింది. చివరి ముద్ద దాకా కదల్లేదు.

చెయ్యి కడుక్కొచ్చి దూలయ్య చిన్న బుట్ట ఒకటి తెచ్చాడు. సన్నటి అల్లిక. దుర్గ ముచ్చటపడి, తనకిమ్మంది.

“ఇది అమ్మేది కాదక్కా. అత్తకియ్యమని అదే అల్లిపెట్టింది.”

ఆదెమ్మ బుట్ట అంచును వేలితో చుట్టూ తడిమింది. “మంచిగల్లింది” అంది. వెంటనే లేచి చెప్పులేసుకుంది. దూలయ్య ఉండమన్నది అప్పుడే. ఆమె వినకుండా నడిచింది, వెనక్కి తిరిగి చూడకుండా.

బస్సు కదిలాక దుర్గ ఇక ఆపుకోలేకపోయింది.

“తప్పుగ అనుకోకు పెద్దమ్మా. గంటసేపు ఆగితే ఏం పోయేది? రాత్రికి భద్రాచలంలనే ఉంటం గదా. గా పిల్ల నీకోసమని బుట్ట అల్లి పెట్టింది. నువ్వేమో దానికి గుడ్డముక్క తేలే, మొకం చూడలే.”

ఆదెమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అడివి అంచున ఎండ పలచబడుతోంది.

“మా అమ్మా గింతే. పవన్‌ను ఇష్టపడి చేసుకున్ననని నా మొకం చూస్తలేదు. జరమొచ్చిందంటే పరుగెత్తి పోయిన. లోపల్నుంచి గడియ పెట్టుకున్నది. గడప మీద కూసొని ఏడ్సి ఏడ్సి వచ్చిన పెద్దమ్మా.” దుర్గ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మ వచ్చి పోయిందంటే భవానికి ఎట్లుంటదో నాకెరుక. ఆమెది గూడ ప్రేమ పెండ్లేనా? గందుకేనా నీకు ఇంత కోపం?”

ఆదెమ్మ ఇటు తిరిగింది. ఆమె కళ్ళలో కోపం లేదు. దుర్గ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

“అవ్, ఇష్టపడే చేసుకున్నరు. ఒకళ్ళను ఇడిసి ఒకళ్ళు ఉండకపోయేటోళ్ళు.”

“మరి?”

ఆదెమ్మ చుట్టుపక్కల వాళ్ళకు వినపడనంత మెల్లగా చెప్పింది.

“భవానిని బొందపెట్టిననాడు నా పక్కన నిలబడి మట్టి ఏసిండు దుర్గా, ఇంటికొచ్చి ‘వెదురుకు పోయింది’ అన్నడు, గప్పటిసంది గదే మాట.”